ఈ-జర్నల్స్ పేజీ గురించి నీకో ఉత్తరం

ఒరేయ్,

మీ లైబ్రరీ సైటులో ఈ-జర్నల్స్ (ఆన్‌లైన్‌లో చదివే పరిశోధన పత్రికలు) పేజీ బాధ్యత నీ నెత్తిన పడిందని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు కదా. టెన్షన్ పడకు. చదివేవాళ్లు ఏం పట్టుకుని వస్తారో చూడు, దారి దానంతటదే తెలుస్తుంది. వాళ్ల చేతిలో ఉండేది వ్యాసం పేరో, జర్నల్ పేరో. పబ్లిషర్ ఎవరైతే వాళ్లకేం? ఇప్పుడున్న పేజీలో ఎల్సెవియర్, విలీ లాంటి పబ్లిషర్లవి, పాత సంపుటాలు దాచి ఉంచే జేస్టోర్‌ది అంటూ లోగోలు వరసగా పెట్టారన్నావే, అది లైబ్రరీ బిల్లులు కట్టే లెక్క. ముందు దాన్ని కిందికి తోసెయ్. పైన వెతికే పెట్టె, దాని కింద అక్షరక్రమంలో జర్నల్ పేర్లు ఉండాలి.

అసలు పని సంవత్సరాల దగ్గరుంది. ఒకే జర్నల్ పబ్లిషర్ సైటులో 1997 నుంచి నేటిదాకా ఉండొచ్చు, జేస్టోర్‌లో మొదటి సంపుటి నుంచి ఉన్నా ఈ మధ్య కొన్నేళ్లవి లేకపోవచ్చు. రెండూ ఒకే పేరు కింద, ఏ లింకులో ఏ ఏళ్లవి దొరుకుతాయో చెబుతూ పెట్టు. ఆ ఒక్క ముక్క రాయకపోతే, 2023 వ్యాసం కావలసిన పిల్ల పాత సంపుటాల్లో పడి వెతుక్కుంటుంది, పాపం.

పేర్లను మాత్రం నమ్ముకోకురా. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1988లో బీఎంజే అయింది. పాత పేరుతో వెతికినా కొత్తది కనిపించాలి. పేరు బాగా మారితే ఐఎస్ఎస్ఎన్ (జర్నల్‌ను గుర్తుపట్టే ఎనిమిది స్థానాల నంబరు) కూడా మారుతుంది, అచ్చు ప్రతికి ఒకటి, ఆన్‌లైన్ ప్రతికి ఒకటి వేరుగా ఉంటాయి. అన్నీ ఎక్కించు. ఎనిమిదో స్థానంలో ఎక్స్ అక్షరం కనిపిస్తే తప్పనుకుని తీసేయకు, అది సరైనదే.

ఇక ఇంటి నుంచి చదివేవాళ్లు. క్యాంపస్‌లో ఐపీ అడ్రసును (నెట్‌వర్క్ చిరునామా) చూసి పబ్లిషర్ సైటు లోపలికి రానిస్తుంది. బయటి నుంచైతే మీ ప్రాక్సీ (లాగిన్ అయినవాళ్లను క్యాంపస్‌లో ఉన్నట్టే చూపించే సర్వర్) గుండా వెళ్లాలి, కాబట్టి డబ్బు కట్టే ప్రతి లింకుకీ ముందు ప్రాక్సీ చిరునామా తగిలించు. వ్యాసాల లింకులకు డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే, మారని గుర్తింపు కోడ్) వాడు. బ్రౌజర్‌లో కనిపించే పొడుగాటి అడ్రసు కాపీ చేస్తే, అందులో సెషన్ నంబరు ఉందంటే రేపటికి పనిచేయదు. సరిచూసేటప్పుడు ఆఫీసు కంప్యూటర్ మీద కాదు, వైఫై ఆపేసి ఫోన్ డేటా మీద చూడు. లోపల అన్నీ తెరుచుకుంటూనే ఉంటాయి!

ఉచిత జర్నల్స్‌ని వేరే మూలన పెట్టకు, అదే జాబితాలో కలిపెయ్. 2003లో మొదలైన, ఉచిత జర్నల్స్ జాబితా ఇచ్చే డీఓఏజే సైటు నుంచి వివరాలు తెచ్చుకోవచ్చు.

జాబితా నిలబడ్డాక లింకు పంపు. బయటి నుంచి నేనూ నొక్కి చూస్తాను.

ఉంటాను మరి.