పది చేలు తూచి మండలానికి సగటు కడితే

సంపాదకుడు గారికి నమస్కారం.

పత్తి కొనుగోలు కేంద్రంలో ఎకరానికి ఇన్ని క్వింటాళ్లే తీసుకుంటామన్న నిబంధన మీద మన జిల్లాలో గొడవ ఇంకా ఆరలేదు. ఆ అంకె తక్కువని అందరూ అంటున్నారు. అది ఎట్ల పుట్టిందని అడిగినవాళ్లు నాకు కనపడలేదు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరై, మునుగోడు వైపు నాలుగెకరాల చెలక చూసుకుంటున్నవాణ్ని కాబట్టి నాకు ముందు ఆ ప్రశ్నే తట్టింది.

ఆ అంకెకు ఆధారం సగటు దిగుబడి. అది పంట కోత ప్రయోగాల నుంచి, అంటే లాటరీ తీసి ఎంచిన కొన్ని చేలల్లో పంట ఏరించి తూచడం నుంచి వస్తుంది. ఒక ఏడు మా పక్క చేను ఎంపికైంది. సిబ్బంది టేపు పట్టి కొలిచి, నాలుగు మూలల గూటాలు పాతి, తాడు కట్టి, తాడు లోపలి పత్తిని విడిగా ఏరించి తూచారు. సంచి బరువు తీసేయడం కూడా మరువలేదు. వాళ్ల పనికి వంక పెట్టను. చిక్కంతా తర్వాతి లెక్కలో ఉంది.

ఒక మండలంలో 20,000 ఎకరాల పత్తి ఉందనుకోండి. అందులో 8,000 రేగడి, 12,000 చెలక. రేగడిలో ఎకరానికి 10 క్వింటాళ్లు, చెలకలో 6 పండాయి. లాటరీలో వచ్చిన పది చేలల్లో ఎనిమిది చెలకలోనే పడ్డాయి. పదింటినీ కూడి పదితో భాగిస్తే 6.8. అదే ఏ నేల ఎంత ఉందో చూసి ఆ పాళ్లలో కలిపితే 7.6. ఎకరానికి 80 కిలోల తేడా, మండలం మొత్తానికి 16,000 క్వింటాళ్లు! చెలక బదులు రేగడి చేలు ఎక్కువ పడితే లెక్క అటు తప్పేది. లాటరీని తప్పు పట్టలేం. కానీ ఏ సర్వే నంబరు రేగడో, ఏది చెలకో రెవెన్యూ రికార్డుల్లో ఉండగా దాన్ని పక్కన పెట్టడం మాత్రం తప్పే.

ఈ ఉపాయం కొత్తదేం కాదు. 1802లో ఫ్రాన్స్‌లో లాప్లాస్ అనే గణిత శాస్త్రజ్ఞుడు దేశంలో అందరినీ లెక్కించకుండానే జనాభా తేల్చాడు. పుట్టుకలు దేశమంతా నమోదయ్యేవి. ఎంపిక చేసిన ఊళ్లలో తలలు లెక్కపెట్టిస్తే 20,37,615 మంది తేలారు. ఆ ఊళ్లలో ఏటా సగటున 71,866 పుట్టుకలు. అంటే ఒక పుట్టుకకు 28 మందికి పైచిలుకు. దేశంలోని పుట్టుకలను ఆ నిష్పత్తితో గుణిస్తే సుమారు 2.83 కోట్లు వచ్చింది. మనకు పుట్టుకల రిజిస్టరు స్థానంలో, ఏ చేలో ఏ పంట వేశారో రాసే పంట నమోదు ఉంది.

అయితే ఆ నమోదు చేను గట్టు మీద నిలబడి చేసిందై ఉండాలి. కుర్చీలో కూర్చుని పోయినేటి పంటనే ఎక్కిస్తే, దాన్ని కలిపిన లెక్క ఉత్త సగటు కన్నా అన్యాయంగా తయారవుతుంది. దిగుబడితో సంబంధం లేని వివరం తెచ్చి కలిపినా ఒరిగేదేమీ లేదు.

సగటును ఎంత సరిచేసినా పది క్వింటాళ్లు పండిన రేగడి రైతుకు 7.6 దగ్గర గీత గీస్తే మిగతాది దళారికే పోతుంది. సగటును పరిమితిగా వాడొచ్చా అన్నది ఇంకో పెద్ద పంచాయితీ, దాని మీద వేరే రాస్తాను. ఇప్పటికి అధికారులను అడిగేది ఒక్కటే: మండలాల వారీగా సగటు ప్రకటించేటప్పుడు, ప్రయోగం చేసిన చేలల్లో ఎన్ని రేగడివి, ఎన్ని చెలకవి, మండలంలో ఆ నేలలు ఎన్నెన్ని ఎకరాలు అన్నది కూడా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. భాగహారం మేమే చేసుకుంటాం.

– ఒక విశ్రాంత లెక్చరర్, నల్లగొండ