చీకటి భోజనం ఆగలేదు, ఇకపై పగలు కూడా వాళ్ళే వడ్డిస్తారు

అందరికీ నమస్కారం. మా బరంపురం హోటల్ మేడమీద శని, ఆదివారాల్లో నడిచే చీకటి భోజనం ఆపేశారటగా అని కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతున్నారు. ఆపలేదు. కింద హాల్లో పని జరుగుతోంది, అందుకే మేడ కొన్నాళ్ళు మూసి ఉంచాం. ఆ పని ఎందుకు చేయించామో చెప్పడానికే ఇది రాస్తున్నాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి, మేడమీద చీకట్లో వడ్డించే చూపులేని మా సర్వర్లే కింద హాల్లో, పట్టపగలు, మధ్యాహ్నం మీల్స్ కూడా వడ్డిస్తారు. హాల్లో కొన్ని మార్పులు కనిపిస్తాయి. చీకటి భోజనం ధర కూడా కొంచెం పెరుగుతుంది.

ఎప్పుడూ మేడమీదికి రానివాళ్ళకు రెండు మాటలు. అక్కడ వెలుతురు అన్నది సూదిమొనంత కూడా ఉండదు. మెట్లు ఎక్కాక రెండు తలుపులు, మధ్యలో దట్టమైన నల్ల తెరలు. మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తీస్తాం. ఫోన్లు, స్మార్ట్ వాచీలు, రేడియం ముల్లు గడియారాలు కిందే లాకర్లో పెట్టాలి. తర్వాత మా సర్వర్ భుజం మీద మీరు చెయ్యి వేస్తారు, మీ భుజం మీద మీ వెనకవాళ్ళు. అలా వరుసగా లోపలికి వెళ్ళి కూర్చుంటారు. కాసేపటికి కళ్ళు అలవాటు పడతాయా అని అందరూ అడుగుతారు. పడవు. మామూలు చీకటికి కన్ను పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అలా సర్దుకున్న కన్ను కూడా చూడాలంటే ఎంతో కొంత వెలుతురు ఉండాలి కదా. మా మేడమీద అదీ ఉండదు.

ఈ ఆలోచన నాది కాదు. 1999లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో బ్లిండెకూ అనే రెస్టారెంటు ఇలా మొదలైంది. దాని వెనక ఉన్నది జోర్జ్ స్పీల్‌మాన్ అనే చూపులేని మతబోధకుడు. ఆయన ఇంటికి భోజనానికి వచ్చిన కొందరు కళ్ళకు గంతలు కట్టుకుని తినేవారట. 2004లో పారిస్‌లో ఇలాంటిదే ఇంకొకటి వచ్చింది. మన హైదరాబాద్‌లో ఇనార్బిట్ మాల్‌లో 'డైలాగ్ ఇన్ ది డార్క్' అనే చీకటి గదుల ప్రదర్శన, దానితోపాటే చీకటి రెస్టారెంటు పెట్టారు. ఆ ప్రదర్శనకు మూలం 1988లో జర్మనీలో ఆండ్రియాస్ హైనెకే మొదలుపెట్టిన పని. నేను మొదటిసారి చీకట్లో తిన్నది హైదరాబాద్‌లోనే. బయటికి వచ్చాక నాకు గుర్తున్నది కూర రుచి కాదు. నా చెయ్యి పట్టుకుని గ్లాసు మీద పెట్టిన అమ్మాయి చేతిలోని ధీమా.

బరంపురంలో దీన్ని పెట్టేటప్పుడు ఎక్కడివీ కాపీ కొట్టలేదు. ఆ విదేశాల్లో ఫోర్కు, కత్తితో తినాలి. చీకట్లో ఫోర్కు ఖాళీగానే నోటికొస్తుంది. మనకా బాధ లేదు. అన్నం ఎక్కడుందో, పప్పు ఎంత వేడిగా ఉందో, ముద్ద ఎంత కలిసిందో మన వేళ్ళే చెబుతాయి. మొదటి ఐదు నిమిషాలు కంగారుపడినవాళ్ళు కూడా చెయ్యి అన్నంలో పడగానే కుదుటపడడం మా సర్వర్లు వింటూనే ఉంటారు, గొంతులు మారిపోతాయట. అరిటాకు మాత్రం పెట్టలేకపోయాం. ఆకుకు అంచు ఉండదు, పులుసు ఎటు పోతుందో తెలియదు. అందుకే గడులున్న స్టీలు కంచం. గడియారం లెక్కన చెబుతారు: పన్నెండు దగ్గర దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), మూడు దగ్గర వేపుడు, తొమ్మిది దగ్గర పచ్చడి, మీవైపు ఆరు దగ్గర అన్నం. ముళ్ళున్న చేప పెట్టం. చిలికా రొయ్యలు పెట్టిన రోజు తొక్క, తోక పూర్తిగా తీసే పంపుతాం. చారు మూత ఉన్న గ్లాసులో, గోరువెచ్చగా మాత్రమే వస్తుంది. చారు చల్లారిపోయిందని కొందరు అన్నారు. అది కావాలని చేస్తున్నదే, ఇకముందూ అంతే.

రుచి గురించి ఎంత చెప్పినా తక్కువే. కన్ను నాలుకను ఎంత నడిపిస్తుందో 2001లో అచ్చైన ఒక ఫ్రెంచి పరిశోధన చూపించింది. బోర్డోలో వైన్ చదువు చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. మా మేడమీద జరిగేదీ ఇలాంటిదే. అరటికాయ ఆవపెట్టిన కూరను బంగాళాదుంప అనేవాళ్ళు ఎక్కువ. పనసపొట్టు కూర తిని ఇది మాంసం కాదు కదా అని శాకాహారులు ఆగిపోతారు, అందుకే ఇప్పుడు శాకాహార బల్లల దగ్గర ముందే గట్టిగా చెబుతున్నాం. బొడి చురా, అంటే వెల్లుల్లి, ఉల్లిపాయ వేసి నలిపిన వడియాలు, వెలుతురులో పక్కన పెట్టేసేవాళ్ళు చీకట్లో మళ్ళీ అడుగుతారు. కరకరమన్న చప్పుడు గదంతా వినిపిస్తుంది, అందరికీ కావాలనిపిస్తుంది. ఒక్క మనవి. అత్తరు, సెంటు కొట్టుకుని రాకండి. మొగలిపువ్వు మన గంజాం జిల్లాకు గర్వకారణం, దాని రూహ్‌కు, అంటే పువ్వు నుంచి తీసే సుగంధ సారానికి, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ ఒక్కరు రాసుకొస్తే ఆ గదిలో ఉన్న అందరి కంచాల్లోనూ మొగలి వాసనే. మేం కూడా దాన్ని చివర్లో, పాయసంలో తప్ప వాడం.

చీకటి ఈ ఊరికి వింత కాదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో, ఇక్కడున్న ప్రతి ఇంటికీ చీకటంటే ఏమిటో తెలిసింది. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు వాళ్ళకు తెలిసింది. అందుకే కొందరు పెద్దవాళ్ళు తలుపు దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. వాళ్ళను ఎవరూ బలవంతం చేయకండి, పిల్లలు నవ్వకండి. వాళ్ళకు కింద హాల్లో అదే భోజనం పెడతాం. మా సర్వర్లలో ఒకతను ఛత్రపురం దగ్గర పల్లెటూరివాడు. ఫైలిన్ రాత్రి పైకప్పు రేకులు లేచిపోతుంటే, చీకట్లో ఏ మూట ఎక్కడుందో, నీళ్ళ బిందె ఎక్కడుందో ఇంట్లో అందరికీ చెప్పింది తనేనట. అప్పటికి బడికెళ్ళే పిల్లాడు. "ఆ రాత్రి నన్నెవరూ పాపం అనలేదు సార్" అన్నాడు నాతో.

ఇక అసలు విషయం. మేడ దిగి వచ్చేవాళ్ళలో చాలామంది నా దగ్గరికి వచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "పాపం, ఎంత కష్టమండీ వాళ్ళకు, ఒక్క గంటకే మాకు ప్రాణం పోయినట్టయింది" అంటారు. మంచి మనసుతోనే అంటారు, నాకు తెలుసు. కానీ మీరు ఆ గంటలో చూసింది వాళ్ళ జీవితాన్ని కాదు. చూపు ఉన్నట్టుండి పోయిన మనిషి మొదటి గంటను మాత్రమే. ఆ గంట తర్వాత నేర్చుకునేదంతా మీ పక్కన నిలబడి మీకు వడ్డిస్తోంది. ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ఏరియల్ సిల్వర్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడకూ చూపు లేదు, తన సహచరులతో కలిసి 2015లో ఒక పరిశోధన అచ్చువేసింది. కళ్ళకు గంతలు కట్టుకుని కాసేపు పనులు చేసి చూసినవాళ్ళు, చూపులేనివాళ్ళు ఉద్యోగం చేయగలరా, సొంతంగా బతకగలరా అన్న ప్రశ్నలకు మిగతావాళ్ళకంటే తక్కువ అంచనా వేశారని అందులో తేలింది. జాలి పెరుగుతోంది, నమ్మకం తగ్గుతోంది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా మేడ కూడా ఆ పనే చేస్తోందా అని.

డబ్బు లెక్క కూడా దాచను. వారానికి రెండు రాత్రుల పనితో ఎవరి ఇల్లు గడుస్తుంది? మిగతా ఐదు రోజులు వాళ్ళు ఏ పని దొరికితే ఆ పని చేసుకునేవాళ్ళు, చాలాసార్లు దొరికేది కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయించింది, అందులో చూపు లేనివాళ్ళకు, మసకచూపువాళ్ళకు కలిపి 1 శాతం. మా లాంటి చిన్న హోటళ్ళను పెట్టుకోమని ఏ చట్టమూ బలవంతం చేయదు. అయినా పెట్టుకోవచ్చు కదా. చీకట్లో అంత బాగా పనిచేసే మనిషికి వెలుతురు వస్తే ఏం అడ్డం? వాళ్ళకు ఏ తేడా లేదు. తేడా అంతా మన చూపులోనే ఉంది. అందుకే పగటి షిఫ్టు, నెల జీతం.

హాల్లో ఏం మారిందంటే, బల్లల మధ్య దారి వెడల్పు చేశాం, నాలుగు బల్లలు తీసేశాం. అందుకే మధ్యాహ్నం ఒంటిగంటకు కాసేపు ఆగాల్సి రావచ్చు. ప్రతి బల్ల మూలకూ చేతికి తగిలే చుక్కల్లో నంబరు ఉంది. మారు వడ్డనకు గరిటె, బకెట్ పద్ధతి వాళ్ళ చేత చేయించం, మూత పెట్టిన చిన్న గిన్నెల్లో తెచ్చి ఇస్తారు. ఆర్డరు వాళ్ళు ఫోన్‌లోనే తీసుకుంటారు, స్క్రీన్ మీద ఉన్నది ఫోన్ చదివి వినిపిస్తుంది. మీరు చేయాల్సింది కొంచెమే. చెయ్యి ఊపి పిలవకండి, నోటితో పిలవండి, తమ్ముడూ అనండి, భాయ్ అనండి, తెలుగు, ఒడియా రెండూ వస్తాయి. సంచులు, హెల్మెట్లు దారిలో పెట్టకండి. లేచేటప్పుడు కుర్చీ బల్ల కిందికి తోసి వెళ్ళండి. సాయం చేయాలనిపిస్తే ముందు అడగండి. ఉన్నట్టుండి మోచెయ్యి పట్టుకుని లాగితే చేతిలో ట్రే పడిపోతుంది.

బిల్లు కూడా వాళ్ళే తీసుకుంటారు. ఇక్కడే కొందరికి అనుమానం వస్తోంది కాబట్టి వివరంగా చెబుతున్నాను. ₹500 నోటు రెండు అంచుల్లో ఐదేసి ఏటవాలు గీతలు, ₹100 నోటుకు నాలుగేసి, వేలికి తగిలేలా ఉంటాయి. నోటు నలిగితే గీతలు అరిగిపోతాయి, అప్పుడు పొడవు చూస్తారు. కొత్త నోట్లలో ₹100 పొడవు 142 మిల్లీమీటర్లు, ₹200ది 146, ₹500ది 150. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా వాళ్ళ వేళ్ళకు చాలు. ఇంకా అనుమానం ఉంటే రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ నోటును చూసి విలువ చెబుతుంది. ఫోన్‌తో కడితే సౌండ్ బాక్స్ ఎలాగూ అరుస్తుంది. దయచేసి వాళ్ళను పరీక్షించడానికి చిన్న నోటు ఇచ్చి పెద్దదని చెప్పకండి. ఒకాయన సరదాకి అలా చేశాడు. మా వాడు నోటు తిప్పి చూసి మర్యాదగా వెనక్కిచ్చాడు. నాకు మాత్రం చాలా బాధేసింది.

ధర విషయం. చీకటి భోజనం ₹350 నుంచి ₹400 అవుతుంది. పెంచిన ₹50 మొత్తం జీతాల్లోకి వెళ్తుంది. కింద మీల్స్ ధర మారదు. టిప్పులు మేడమీదవి, కిందవి కలిపి, వంటవాళ్ళతో సహా అందరూ సమానంగా పంచుకుంటారు. ఇది వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని చెప్పిన పద్ధతి. జాలితో టిప్పు ఎక్కువ ఇవ్వకండి, వడ్డన బాగుంటే ఇవ్వండి. బాగోకపోతే నాకు చెప్పండి. అందరు సర్వర్ల మీద ఎలా ఫిర్యాదు చేస్తారో వాళ్ళ మీదా అలాగే చేయండి, వాళ్ళు కోరుకునేది కూడా అదే.

ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చేవాళ్ళకు తిరుగు బస్సు తప్పుతోందని తెలిసింది. అందుకని మొదటి బ్యాచ్ ఇకపై సాయంత్రం ఆరున్నరకే. మార్చి 20న పఖాళ దిబస్ కాబట్టి ఆ వారం చీకట్లో మొత్తం పఖాళ భోజనమే పెడతాం. మన చద్దన్నమే, వేయించిన వంకాయ, బొడి చురా, పచ్చిమిరపకాయతో. లోపల ఎవరికైనా ఊపిరాడనట్టు అనిపిస్తే సర్వర్‌ను పిలిస్తే చాలు, వెంటనే బయటికి తీసుకొస్తారు, డబ్బులు తిరిగి ఇచ్చేస్తాం. కరెంటు ప్రమాదం లాంటిది వస్తే బ్యాటరీ లైట్లు మొత్తం ఒక్క స్విచ్‌తో వెలుగుతాయి, ఆ స్విచ్ ఎక్కడుందో ప్రతి సర్వర్‌కూ తెలుసు. సీట్లు ముందురోజు సాయంత్రంలోగా కౌంటర్ దగ్గర చెప్పండి. రొయ్యలు, వేరుశనగ, నువ్వులు, ఆవపిండి పడనివాళ్ళు ఆ సంగతి అప్పుడే రాయించండి, కంచం ముందుకొచ్చాక కాదు.