ఫిర్యాదు తీరిందని చెప్పాల్సింది కంపెనీ కాదు, మేము

వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా ఇంట్లో 19 రోజులు కేబుల్ టీవీ సరిగ్గా రాలేదు. ఆ 19 రోజుల్లో మా ఫిర్యాదు 'పరిష్కారమైంది' అని మూడుసార్లు మెసేజ్ వచ్చింది. ఆ మూడుసార్లూ మా గుమ్మం దాకా ఎవరూ రాలేదు.

మా నాన్నగారు మంచం దిగలేరు. సాయంత్రం వార్తలు, ఆ తర్వాత పాత పాటలు, ఆయనకు రోజు గడిచేది వాటితోనే. సరిగ్గా ఆ వేళకే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయేది, మాట మధ్యలో తెగిపోయేది. "ఇవాళైనా వస్తారా అమ్మా?" అని ఆయన అడిగినప్పుడల్లా ఏం చెప్పాలో తెలిసేది కాదు.

ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, మూడు నొక్కండి. తర్వాత చాలాసేపు సంగీతం. చివరికి ఎవరో పలికితే, కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. బాక్సు ఆఫ్ చేసి ఆన్ చేయమనేవారు. చేశాననేదాన్ని. "మాకు ఇక్కడ సిగ్నల్ బాగానే చూపిస్తోంది మేడమ్" అనేవారు. మరుసటి రోజుకల్లా మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కారమైంది. మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరు, కొత్త ఫిర్యాదు. పాతది లెక్కలో లేదు.

చివరికి టెక్నీషియన్ వచ్చాడు. బయట గోడ మీద, కేబుల్‌ను చీల్చి పంచే స్ప్లిటర్ దగ్గర కనెక్టర్‌లోకి వాన నీళ్లు దిగి తుప్పు పట్టింది. మార్చడానికి పావుగంట కూడా పట్టలేదు. డిజిటల్ ప్రసారంలో సిగ్నల్ తగ్గుతున్నా ఒక హద్దు వరకు బొమ్మ శుభ్రంగానే ఉంటుందట, అది దాటగానే ఒక్కసారిగా విరిగిపోతుందట. పొద్దున బాగుండి సాయంత్రం పోవడం అందుకే. ఇలాంటి లోపం ఇంటికి వచ్చి చూస్తేనే దొరుకుతుంది. "మీ పేరు నా లిస్టులోకి ఇవాళే వచ్చింది" అన్నాడు ఆ అబ్బాయి. అతని మీద నాకు కోపం లేదు. ఫోన్లో మాట్లాడినవాళ్ల మీదా లేదు. కాల్ ఎంత త్వరగా ముగించారు, ఎన్ని ఫిర్యాదులు మూశారు అన్నదాన్ని బట్టి పనిని కొలిస్తే, ఎవరైనా మూయడానికే చూస్తారు.

గడువులు పెడితే చాలదా అని మీరు అనవచ్చు. అమెరికాలో 1992 కేబుల్ చట్టం వచ్చాక, 1993లో అక్కడి టీవీ, ఫోన్ సేవలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కేబుల్ కంపెనీలకు ప్రమాణాలు పెట్టింది. మామూలు పరిస్థితుల్లో 90 శాతం కాల్స్‌ను 30 సెకన్లలోపు ఎత్తాలి. ప్రసారం ఆగిపోతే 24 గంటల్లోపు పని మొదలుపెట్టాలి. మనిషి ఎప్పుడు వస్తాడో 4 గంటలకు మించని వ్యవధిలో చెప్పాలి. రోజంతా ఇంట్లో కాపలా కాసిన నాకు ఆ చివరి మాట విలువ బాగా తెలుసు.

కానీ గడువు పెట్టి, పని అయిందో లేదో చెప్పే అధికారం కంపెనీకే వదిలేస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. కాగితం మీద చూస్తే మా మూడు ఫిర్యాదులూ గడువులోపే తీరిపోయాయి!

అందుకే నేను అడిగేది ఒక్క నిబంధన. వినియోగదారు ఒప్పుకోకుండా ఏ ఫిర్యాదునూ మూయకూడదు. పార్సిల్ అందించేవాళ్లు మన ఫోన్‌కు వచ్చిన కోడ్ అడిగి తీసుకుంటున్నారు కదా, ఇక్కడా అదే పెట్టవచ్చు. ఫోన్ వాడలేని పెద్దవాళ్లుంటే సంతకం తీసుకోవాలి. సమస్య మళ్లీ వస్తే పాత నంబరే తెరవాలి, రోజులు మొదటి ఫోన్ నుంచే లెక్కపెట్టాలి, ఆ రోజుల డబ్బు అడగకుండానే బిల్లులో తగ్గించాలి.

మాకు ఈ నెల బిల్లు పూర్తి మొత్తానికే వచ్చింది. తగ్గించమని అడిగితే "మా రికార్డులో మీ సర్వీస్ ఆగినట్టు లేదు" అన్నారు. ఆ మూడు ఫిర్యాదుల నంబర్లు, వాటికి వచ్చిన మెసేజ్‌లు దాచి ఉంచాను. మీ కార్యాలయం ఎప్పుడు అడిగినా పంపుతాను.

ఇట్లు,
ఒక వినియోగదారు