విషయం: 14 ఏనుగుల కుడికాలు

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

ఒంగోలు ట్రంకు రోడ్డులోని బొమ్మల కొట్టు నుంచి రాస్తున్నాను. మీ కార్టూన్‌లో ఐదు జంతువులు కలిసి ఒక పెద్ద రోబో అవుతాయి గదా, అందులో కుడికాలయ్యే ఏనుగు సంగతి ఇది. ఇప్పటికి 14 విరిగి వెనక్కొచ్చాయి. బొమ్మలన్నాక విరుగుతాయి, దానికి నేనేమీ అనను. ఐదు నెలలుగా మీరు పలక్కపోవడమే నా బాధ.

మోకాలి పిన్నుకు ఒక కొసన సన్నటి గీతలుంటాయి. రంధ్రం బిగుతుగా ఉంటే ఆ కొస లోపలికి దిగేటప్పుడే ప్లాస్టిక్కును ఒత్తేస్తుంది. తొలిసారి కాలు మడవగానే పిన్ను చుట్టూ తెల్లబడుతుంది, పదిసార్లు తిప్పేసరికి నిలువునా చీలుతుంది. ఈ ముక్క మీవాళ్లు నలుగురికి చెప్పాను.

మొదటి ఫోనుకు 22 నిమిషాలు మీ టైటిల్ పాట వినిపించారు. "నేస్తాన్ని వదలం" అని ఐదు జంతువులూ అరిచి అరిచి, ఆఖరికి లైనే వదిలేశాయి. రెండోసారి దొరికిన అమ్మాయి బ్యాటరీలు తీసి మళ్లీ వేయమంది. దీనికి బ్యాటరీలే లేవమ్మా అంటే, "అయితే కొత్తవి వేసి చూడండి సార్" అంది. మూడో ఆయనకు పెట్టె విప్పేటప్పటి వీడియో కావాలట. పుట్టినరోజు నాడు తల్లిదండ్రులు పిల్లాడి మొహం తీస్తారా, ఏనుగు మోకాలు తీస్తారా?

ఒక రాత్రి 11 గంటలకు "మీ సమస్య తీరిందా?" అని మెసేజ్ పెట్టారు. 11.30కి "మీరు స్పందించలేదు కనుక ఫిర్యాదు మూసేశాం" అని ఇంకొకటి. మళ్లీ తెరిపిస్తే దగ్గర్లోని సర్వీసు సెంటరంటూ అడ్రసు పంపారు. చూస్తే అది ఒడిశాలోని అంగుల్! గిత్తల్ని కట్టుకుని బయల్దేరమంటారా?

కార్టూన్ తీసేదే బొమ్మలమ్మడానికని మాకు తెలీక కాదు. హీ-మ్యాన్ బొమ్మలు 1982లో వస్తే కార్టూన్ 1983లో వచ్చింది. నేనూ ఆ వ్యాపారం మీదే బతుకుతున్నాను. ఎనిమిదేళ్లుగా మీ సరుకుకే కొట్టులో ముందు అర ఇచ్చాను. అయితే ఒక్కోటి 899 చొప్పున ఐదూ కొంటేనే రోబో నిలబడుతుందని కథ రాసింది మీరే. కుడికాలు పోతే 4,495 రూపాయల సరుకూ ఒంటికాలి మీదే గదా! పైగా పోయిన ఆదివారం ఆ ఏనుగు ఎపిసోడే మళ్లీ వేశారు. సోమవారం పొద్దున్నే పిల్లలు కొట్టుముందు.

మోకాలి ముక్కలు, పిన్నులు 14 జతలు పంపితే నేనే బిగించి ఇస్తాను. గీతల్లేని కొస నుంచి కొట్టి పాత పిన్ను తీయడం నాకు చేతనవును. కుదరదంటే బొమ్మలు మార్చండి, లేదా ఆ డబ్బు తర్వాతి బిల్లులో తగ్గేలా క్రెడిట్ నోటు ఇవ్వండి. ముందు మనిషన్నవాడి చేత ఒక ఫోను చేయించండి.

తిరిగి అమ్ముకోడానికి కొన్నవాడు వినియోగదారుడు కాడు, కేసు చెల్లదని మీ సూపర్‌వైజరు నవ్వాడు. చట్టం తెలిసిన మనిషే. కానీ కొన్న 14 కుటుంబాలకు ఆ అడ్డు లేదు. 5 లక్షల లోపు సరుకుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. బిల్లు కాపీలు నేనే తీసిస్తాను, కావాలంటే నన్నూ పార్టీగా చేర్చమంటాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు కౌంటరు మీద అంటించాను.

ఈ నెల 25 దాకా చూస్తాను. అప్పటిదాకా విరిగిన ఏనుగులు ముందు అరలోనే, మీ కొత్త సీజన్ పోస్టరు కింద వరసగా ఉంటాయి.

ఇట్లు,
మీ పాత డీలరు, ఒంగోలు