ఎపిసోడ్‌లో కథకు చోటేది?

సంపాదకులకు నమస్కారం.

రోజూ వచ్చే సీరియల్ అరగంటలో ప్రకటనలు పోను మిగిలేది దాదాపు 22 నిమిషాలు. అందులోనే నిన్నటి సన్నివేశం మళ్లీ చూపిస్తారు, రేపటి ప్రోమో వేస్తారు. ఒక్క మాట అనగానే ఇంట్లో అందరి ముఖాలూ వరసగా, నేపథ్య సంగీతంతో!

రోజుకో ఎపిసోడ్ తీయడం కష్టమే. ఆ రచయితలన్నా నటులన్నా నాకు గౌరవం. కానీ తల్లీకూతుళ్లు మనసు విప్పి మాట్లాడుకునే మంచి ఎపిసోడ్ వచ్చిన మర్నాడే విషప్రయోగాలు, గతం మర్చిపోవడాలు మొదలవుతాయి. రేటింగ్ తగ్గుతుందన్న టెన్షన్‌తో పాత్ర స్వభావాన్నే మార్చేస్తే, ఇన్నాళ్లూ ఆమెను నమ్మి చూసినవాళ్లం ఏమనుకోవాలి? కథ అయిపోతే ముగించండి. వంద ఎపిసోడ్లకే ముగిసినా సంతోషంగా చూస్తాం.

– ఒక ప్రేక్షకురాలు