బడిలో సంగీతం: విశాఖ జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

సంగీతం సామగ్రి కొనేటప్పుడు ముందు వీణలు కాదు, ప్రతి బడికీ ఒక ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె (పాటకు ఆధారమైన స్వరాన్ని ఆగకుండా వినిపించే పెట్టె) కొనండి. మాస్టారు తన గొంతుకు అనువైన 1 శ్రుతిలో, అంటే తగ్గు స్థాయిలో పాడితే పిల్లలకు కింది స్వరాలు అందవు, పై స్థాయిలో అందుకోబోతే అరుస్తారు. పిల్లల గొంతుకు సరిపడే, ఇంకా హెచ్చు స్థాయి అయిన 5 శ్రుతి పెట్టి, ఆదితాళం 8 అక్షరాలు చేత్తో వేయిస్తూ సరళీ వరుసలు (మొట్టమొదట నేర్పే స్వర పాఠాలు) పాడించాలి. మొదటి కాలం (నెమ్మది వేగం) కుదరకుండా రెండోది (దానికి రెట్టింపు వేగం) మొదలుపెడితే తాళం పరుగెడుతుంది. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇక్కడే.

వీణలకు బొబ్బిలి దగ్గరే. కానీ మన సముద్రపు గాలికి ఉక్కు తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవాలి. ఒక్కో వీణకు 7 తీగలుండే సెట్లు రెండేసి అదనంగా ఇవ్వండి. మృదంగానికైతే, గంభీరమైన నాదం కోసం ఎడమవైపు పెట్టిన తడి రవ్వముద్దను పాఠం కాగానే గీకేయాలి. మరమ్మతు ఖర్చును కొనుగోలు మంజూరులోనే చేర్చండి.

ఇట్లు,
విశాఖపట్నం సంగీత ఉపాధ్యాయులు