లావు పిల్లలకు ఎండలో అదనపు రౌండ్లు వద్దు

సంపాదకులకు నమస్కారం.

అనంతపురంలో మైదానాలన్నీ పొద్దున్నే కానిస్టేబుల్ ఎంపికకు సాధన చేసే పిల్లలతో నిండిపోతున్నాయి. 1,600 మీటర్లు 8 నిమిషాల్లో ముగించాలి కదా, ఆ ఆరాటం పీఈటీగా పనిచేసి రిటైరైన నాకు తెలుసు. నేను భరించలేకపోతున్నది ఒకటుంది. కాస్త ఒళ్లున్న పిల్లాడు కనిపిస్తే చాలు, వాడికి అదనంగా నాలుగు రౌండ్లు! మిగతావాళ్లు నీడకు పోయాక, తొమ్మిది గంటల ఎండలో వాడొక్కడే ఉరకాలి. పైగా రెయిన్‌కోటు తొడిగిస్తున్నారు. ఇదేమప్పా అని ఒక శిక్షకుణ్ణి అడిగితే "కొవ్వు కరగొద్దా సార్?" అన్నాడు.

ఆ కోటు కింద తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. నీళ్లు తాగితే ఆ బరువు మళ్లీ వచ్చేస్తుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ప్లాస్టిక్ దాన్ని ఆరనివ్వదు. బరువైన ఒళ్లు అదే దూరం అదే వేగంతో పరిగెత్తితే ఎక్కువ వేడి పుడుతుంది. బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం తక్కువ కాబట్టి ఆ వేడి తొందరగా బయటికి పోదు. అమెరికా మెరైన్ దళంలో కొత్తగా చేరినవాళ్లపై చేసిన అధ్యయనం ఒకటి 1996లో వెలువడింది. బీఎంఐ (ఎత్తునుబట్టి బరువును కొలిచే లెక్క) 22, ఆపైన ఉండి, ఒకటిన్నర మైలు పరుగుకు 12 నిమిషాలు, అంతకు మించి పట్టినవాళ్లకు, సన్నగా ఉండి వేగంగా పరిగెత్తేవాళ్లకంటే శ్రమ, వేడి కలిసి జబ్బుపడే ముప్పు ఎనిమిది రెట్లని తేలింది. బీఎంఐ 22 అంటే ఐదడుగుల ఎనిమిదంగుళాల కుర్రాడికి 66 కిలోలు. అలాంటివాణ్ణి మనం లావని కూడా అనుకోం.

వాళ్లను ఇంటికి పంపేయమని నేననడం లేదు. తెల్లవారుజామునే మొదలుపెట్టించండి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, అందాకా నడక, పరుగు కలిపి చేయించండి. నీళ్లు అడిగితే కసురుకోకండి.

పరిగెత్తేవాడు తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా 'నాటకాలాడుతున్నాడు' అనకండి, అది వడదెబ్బ కావచ్చు. చెమట కారుతూనే ఉంది కదా అని వదిలేయొద్దు. పరిగెత్తేటప్పుడు తగిలే వడదెబ్బలో చెమట ఉండొచ్చు. వెంటనే 108కు ఫోన్ చేయించి, నీడలో పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూనే ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటాక మైదానాల్లో పరుగులు ఆపించాలని, ప్రతి మైదానంలో నీళ్లు నిండిన పెద్ద డ్రమ్ము, మగ్గులు పెట్టించాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. ఫీజు కట్టిన తల్లిదండ్రులు కూడా తమ పిల్లవాణ్ణి ఏ వేళకు, ఏం తొడిగించి పరిగెత్తిస్తున్నారో ఒక పూట వచ్చి చూడాలి.

– రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం